ఏలియన్ ఐసోలేషన్: ఆసుపత్రి మిషన్ హార్డ్‌లో దాటేదెలా?

ఓ ఏలియన్ (గ్రహాంతర జీవి) నుంచి తప్పించుకుంటూ సాగే వీడియో గేమ్ ఇది. 2014లో వచ్చిన ఈ గేమ్‌లో అయిదో మిషన్, శాన్ క్రిస్టోబల్ ఆసుపత్రి గురించి సలహా కావాలి. డిఫికల్టీ హార్డ్. ఫ్లేమ్‌త్రోవర్ (మంటలు చిమ్మే ఆయుధం) చాలా తర్వాతగానీ దొరకదు కాబట్టి ఇక్కడ దాక్కోవడం ఒక్కటే దారి.

మోషన్ ట్రాకర్ తీస్తే ఏలియన్ ఎటు ఉందో తెలుస్తుంది, కానీ అది దగ్గర్లో ఉంటే ఆ బీప్ శబ్దానికే వచ్చేస్తుంది. లాకర్‌లో దూరితే వెనక్కి ఒరిగి ఊపిరి బిగబట్టాలి, ఎక్కువసేపు బిగబడితే హెల్త్ తగ్గుతుంది. పరిగెత్తడం సంగతి సరేసరి. పైకప్పు వెంట్ (గాలి గొట్టం) నుంచి చొంగ కారుతుంటే దాని కింద నడవకూడదని తెలుసు, కానీ చీకట్లో అది కనబడి చావదు!

అసలు తంటా సేవ్ దగ్గర. ఆట సేవ్ చేసే యంత్రంలో కార్డు పెట్టాక మూడు లైట్లు వెలిగేదాకా నిలబడాలి, ఆ లోపు వెనక నుంచి చంపేయగలదు. భయం పుట్టించేదీ ఇదే, విసిగించేదీ ఇదే. చస్తే పావుగంట ఆట మళ్లీ మొదటికి.

తెలిసినవాళ్లు చెప్పండి: ఏలియన్ వెంట్‌లోకి ఎక్కాక ఎంతసేపు ఆగి కదలాలి? ఫ్లేర్ (మండుతూ వెలుగిచ్చే కడ్డీ) విసిరితే దాని దృష్టి నిజంగా మళ్లుతుందా? ఒకే లాకర్‌ని పదేపదే వాడితే అక్కడే ఎక్కువ వెతుకుతుందా? ఇంకోటి, సగం దాటాక ఆండ్రాయిడ్ల (మనిషి రూపంలోని రోబోల) భాగం సాగదీతగా ఉంటుందంటారు. అక్కడ డిఫికల్టీ మీడియంకి దించితే భయం పోతుందా?