అరిజోనా బిస్బీ రాగి గనులు: పెద్దవాళ్లు, చిన్నపిల్లలతో వెళ్తే ఏమేం చూడొచ్చు?

ఫీనిక్స్ కోడలు:

నమస్కారం అండీ. ఇండియా నుంచి మా అత్తయ్య, మామయ్య వచ్చారు. అక్టోబరు మూడో శని, ఆదివారాల్లో ఫీనిక్స్ నుంచి బిస్బీ వెళ్దామనుకుంటున్నాం. పిల్లలకి తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పి, అత్తయ్యగారు చీరే కడతారు. గని లోపలికి తీసుకెళ్లే టూరు వీళ్లందరికీ వీలవుతుందా? అది కాక ఆ ఊళ్లో ఇంకేం చూడాలి? వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో దగ్గర్లోని పాత కౌబాయ్ ఊరు టూంబ్‌స్టోన్ కూడా చూసెయ్యొచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రాగిరేకు:

ముందు తేదీ సంగతి. అక్టోబరు మూడో శనివారం బిస్బీలో మెట్ల పరుగు పోటీ ఉంటుంది. ఊళ్లోని తొమ్మిది మెట్ల దారులు, వెయ్యికి పైగా మెట్లు, నాలుగున్నర మైళ్లు. ఆ రోజు పాత ఊళ్లో రోడ్లు మూసేస్తారు, గదులు చాలా ముందే నిండిపోతాయి, పార్కింగ్ గురించి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఒక వారం ఆగి వెళ్లడం మంచిది.

ఇక గని లోపలికి తీసుకెళ్లే క్వీన్ మైన్ టూరు. మీ చిన్నారిని రానివ్వరు. ఆరేళ్లు నిండాలి, అది భద్రతా నియమం, బతిమాలినా ప్రయోజనం ఉండదు. మీరిద్దరూ చూడాలంటే ఒకరు ఒక టూరుకి, ఇంకొకరు తర్వాతి టూరుకి వెళ్లాలి. తొమ్మిదేళ్ల పిల్లకి మాత్రం ఊళ్లో అన్నిటికన్నా బాగా నచ్చేది ఇదే.

చీర కుదరదు. లోపలికి తీసుకెళ్లే బండిలో మామూలు సీట్లుండవు. పొడవాటి బల్లకి అటో కాలు ఇటో కాలు వేసి, గుర్రం మీద కూర్చున్నట్టు ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. చుడీదార్ గానీ ప్యాంటు గానీ తప్పదు, చున్నీ వేలాడకుండా ముడేసుకోవాలి. మామయ్యగారి ఇబ్బంది నడకలో కన్నా ఆ బల్ల ఎక్కి దిగడంలోనే ఎక్కువ. కాలు ఎత్తి అవతలికి వెయ్యగలిగితే మిగతాది పెద్ద కష్టం కాదు. లోపల ఒకచోట, ఖనిజం తవ్వి తీసిన పెద్ద గదిలోకి మెట్లెక్కాలి. ఎక్కలేకపోతే ఆ సంగతి టికెట్ తీసుకునేటప్పుడే చెప్పండి.

లోపల ఏడాది పొడవునా దాదాపు 47 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 8 సెల్సియస్ ఉంటుంది. బయట ఎండ చూసి టీషర్టుతో వచ్చినవాళ్లు గంటసేపు వణుకుతారు. అందరికీ స్వెట్టర్, వేళ్లు మూసే బూట్లు ఉండాలి. చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి బ్యాగులు కారులోనే వదిలేయండి. హెల్మెట్, లైటు, పైన వేసుకునే తొడుగు వాళ్లే ఇస్తారు. ఇవన్నీ తగిలించుకోడానికి టైం పడుతుంది, అరగంట ముందే చేరండి. వారాంతాల్లో సీట్లు త్వరగా అయిపోతాయి, ఫోన్ చేసి రిజర్వ్ చేసుకోవాలి.

ఇరుకు జాగాలంటే భయపడేవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ లిఫ్టులో పాతాళానికి దిగేదేం లేదు. కొండలోకి అడ్డంగా తొలిచిన సొరంగంలో దాదాపు 1,500 అడుగులు లోపలికి పోతాం. భయం మొదలైతే బండి తొలిసారి ఆగినప్పుడే గైడ్‌కు చెప్పేయాలి. ఇంకా లోపలికి వెళ్లాక చెబితే వెనక్కి తీసుకురావడం కష్టం.

సొరంగం దారి:

పైన చెప్పిన ఏర్పాట్లు సరే. లోపల ఏం గమనించాలో కూడా తెలిస్తే టూరు రెండింతలు బాగుంటుంది.

గోడమీద పేలుడు మందు కూరడానికి వేసిన డ్రిల్ రంధ్రాల వరసలు చూపిస్తారు. అవి ఎలా పడితే అలా వేసినవి కావు. మధ్యలోవి ముందు పేలాలి, అప్పుడు అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. తర్వాత చుట్టూ ఉన్నవి పేలి రాయి ఆ ఖాళీలోకి విరిగి పడుతుంది. చివరగా అడుగు వరస పేలి ముక్కలన్నిటినీ ఎత్తి ముందుకి నెడుతుంది. అన్నీ ఒకేసారి పేలితే రాయి కదలడానికి చోటుండదు, మందు వృథా. అందుకే ఒత్తుల పొడవులో తేడా పెట్టి వరసగా పేలేట్టు చేసేవారు. దూరంగా నిలబడి పేలుళ్లు లెక్కపెట్టేవారు కూడా. ఒకటి తగ్గిందంటే పేలని మందు రాతిలో మిగిలిందన్నమాట. తర్వాతి షిఫ్టులో డ్రిల్లు దానికి తగిలితే ప్రాణం పోయినట్టే.

డ్రిల్లుల్లో తేడా కూడా అడగండి. తొలినాళ్ల గాలి డ్రిల్లులు పొడిగా తొలిచేవి. ఆ రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ అనే జబ్బు వచ్చేది. వాటికి 'విధవల్ని చేసే యంత్రం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు కార్మికులు. తర్వాత డ్రిల్లు ఇనుప కడ్డీని బోలుగా చేసి, దాని గుండా నీళ్లు పంపి ధూళిని అణచడం మొదలైంది. పైకప్పుని మోసే కలప దూలాల గురించి కూడా అడగండి. కలప బరువుకి విరిగే ముందు కిర్రుమని హెచ్చరిస్తుంది, అది విని పారిపోయే వ్యవధి దొరుకుతుంది.

పిల్లలు మాత్రం ఇవన్నీ మర్చిపోయి, పట్టాల మీద తోసుకెళ్లే మరుగుదొడ్డి బండి గురించే ఇంటికొచ్చి చెబుతారు. దానికి సిద్ధపడండి.

దారిమైలు:

అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది, కాగితాలు. బిస్బీ మెక్సికో సరిహద్దుకి కొద్ది మైళ్ల దూరమే. మీరు సరిహద్దు దాటకపోయినా, తిరిగి ఉత్తరానికి వచ్చేటప్పుడు బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు గస్తీ పోలీసుల) చెక్‌పోస్టులు తగులుతాయి. 80వ నంబరు రోడ్డు మీద టూంబ్‌స్టోన్ దాటాక ఒకటి, 90వ నంబరు రోడ్డు మీద వచ్చినా ఒకటి. కొన్నిసార్లు తెరిచి ఉండవు, కానీ దాన్ని నమ్ముకుని వెళ్లకూడదు.

అత్తయ్య, మామయ్యల పాస్‌పోర్టులు, వీసా, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు) ప్రింటు దగ్గర ఉంచుకోండి. మీరు హెచ్-1బి, హెచ్-4 అయితే మీకూ అంతే, ఐ-797 ఆమోదపత్రం కూడా ఉంటే మంచిది. గ్రీన్‌కార్డు అయితే అసలు కార్డే ఉండాలి, ఫోన్‌లో ఫొటో పనికిరాదు. అమెరికా పౌరులు కానివాళ్లలో 18 నిండినవాళ్లు ఈ కాగితాలు వెంట ఉంచుకోవాలన్నది చట్టం, చెక్‌పోస్టు ఉన్నా లేకున్నా. పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి: అడిగినదానికి మాత్రం సూటిగా జవాబిస్తే చాలు, నిమిషంలో పంపేస్తారు. వెనక డిక్కీలో సూట్‌కేసు అడుగున పాస్‌పోర్టులు పెట్టుకుంటే మాత్రం అక్కడ దిగి వెతుక్కోవాలి.

రాగిరేకు:

చిన్నారితో పైన ఉండిపోయేవాళ్లు ఆ సమయంలో మ్యూజియం చూడొచ్చు. క్వీన్ మైన్ నుంచి నడిచి వెళ్లే దూరమే. 1897లో కట్టిన గని కంపెనీ పాత ఆఫీసు భవనంలో ఉంది, వాషింగ్టన్‌లోని ప్రసిద్ధ మ్యూజియాల సంస్థ స్మిత్‌సోనియన్‌కి అనుబంధ సంస్థ. మేడమీద గనుల విభాగం ఉంటుంది. ఆకుపచ్చ మాలకైట్, నీలం అజురైట్ అనే రాగి ఖనిజం రాళ్లు చూశాక ఊరు ఇక్కడెందుకు పుట్టిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. 1877లో సైన్యం తాలూకు మనుషులు ఇక్కడ ఖనిజం గుర్తించారు, 1880లో ఊరు వెలిసింది, భూగర్భ గనులు 1975లో మూతపడ్డాయి. మూసిన మరుసటి ఏడాదే, 1976 ఫిబ్రవరిలో, క్వీన్ మైన్‌ని టూరుగా తెరిచారు.

మ్యూజియంలో 1917 జులై 12 నాటి సంగతి ఉన్న భాగాన్ని తీరిగ్గా చదవండి. సమ్మెలో ఉన్న కార్మికుల్ని, వాళ్లకి మద్దతిచ్చినవాళ్లని, దాదాపు 1,200 మందిని, షెరిఫ్ హ్యారీ వీలర్ పోగుచేసిన సాయుధులు తెల్లవారుజామున ఇళ్లలోంచి లాక్కొచ్చారు. బిస్బీలోనే ఉన్న వారెన్ పేటలోని బేస్‌బాల్ మైదానంలో నిలబెట్టి, పశువుల్ని తరలించే రైలు పెట్టెల్లో ఎక్కించి, న్యూమెక్సికో ఎడారిలో దింపేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, ఇది ఫెడరల్ ప్రభుత్వం విచారించదగ్గ నేరం కాదని 1920లో తేల్చారు. 1909లో కట్టిన ఆ మైదానం ఇప్పటికీ ఉంది, వారెన్ వైపు వెళ్తే బయట నుంచైనా చూడండి. గని టూరులో యంత్రాల గురించి ఎంతైనా వింటాం గానీ, ఈ ఊరి అసలు చరిత్ర ఇదేనని నా అభిప్రాయం.

లావెండర్ పిట్ అంటే పైనుంచి తవ్విన పెద్ద గొయ్యిలాంటి గని. దానికి టికెట్ లేదు, నడకా లేదు. 80వ నంబరు రోడ్డు పక్కనే కారు ఆపి కంచె దగ్గర నిలబడి చూడటమే. పేరు రంగుని బట్టి వచ్చింది కాదు, హారిసన్ లావెండర్ అనే కంపెనీ అధికారిది. దాదాపు 300 ఎకరాలు, 900 అడుగుల లోతు. భూగర్భంలో మంచి ఖనిజం ఉన్న పొరల్ని మనుషులు వెంటాడి తవ్వితే, ఇక్కడ రాగి శాతం బాగా తక్కువున్న రాతిని కొండతో సహా తవ్వేశారు. 1950 దశకం మొదట్లో మొదలై 1974లో ఆగింది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్తే ఒక గోడ పూర్తిగా నీడలో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం అయితే ఎరుపు, ఊదా, పసుపు చారలన్నీ కనిపిస్తాయి.

దాని అంచునే లోవెల్ ఉంది. గొయ్యి పెరిగేకొద్దీ ఆ పేట చాలావరకు పోయి, ఎరీ స్ట్రీట్ ముక్క ఒకటి మిగిలింది. రోడ్డు పొడవునా పాతకాలం కార్లు, పాత బోర్డులు పెట్టి ఉంచారు. మామయ్యగారికి చదును నేల, ఫొటోలకి పదిహేను నిమిషాలు చాలు.

ఫీనిక్స్ కోడలు:

చాలా థాంక్స్ అండీ. కాగితాల సంగతి అసలు తట్టలేదు. ప్రయాణాన్ని ఒక వారం తర్వాతకి మార్చాం. మరి టూంబ్‌స్టోన్? శనివారం పొద్దున అది, మధ్యాహ్నం బిస్బీ అని మావారి ప్లాను. అలాగే, అత్తయ్యగారు అక్కడి టర్కాయిస్ (నీలి ఫిరోజా) రాయి ఒకటి కొనుక్కుంటామంటున్నారు.

సొరంగం దారి:

టూంబ్‌స్టోన్ నుంచి బిస్బీ పాతిక మైళ్లే కాబట్టి రెండూ ఒకేరోజు కుదురుతాయి. కానీ ఫీనిక్స్ నుంచి బిస్బీకే మూడున్నర గంటలు. పొద్దున టూంబ్‌స్టోన్‌లో దిగితే, అక్కడ పాతకాలం కాల్పుల్ని ఆడి చూపించే తుపాకుల నాటకం టైముకి ఆగాలి, భోజనం కావాలి, గని చివరి టూరు తప్పిపోతుంది. టూంబ్‌స్టోన్‌ని తిరుగు ప్రయాణానికి వదిలేయండి.

మీ గుంపుకి నేనైతే శనివారానికి కార్చ్‌నర్ గుహలు చెబుతాను. ఐ-10 హైవే మీద 302వ ఎగ్జిట్ తీసుకుని 90వ నంబరు రోడ్డు మీద దక్షిణంగా తొమ్మిది మైళ్లు. గని చూసే ముందు మనిషి తవ్వని గుహ చూడటం పిల్లలకి భలే ఉంటుంది. గుహల్లో రెండు టూర్లుంటాయి. ఐదేళ్ల పాపతో రొటుండా/థ్రోన్ టూరు తీసుకోండి. రెండోదైన బిగ్ రూమ్‌కి ఏడేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు. పైగా గబ్బిలాలు పిల్లల్ని పెట్టే కాలమని దాన్ని ఏప్రిల్ మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. ఫోన్లు, కెమెరాలు, బ్యాగులు లోపలికి తీసుకెళ్లనివ్వరు. గనిలో చలి, ఇక్కడ ఉక్క: 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర వేడి, గాలిలో తేమ 99 శాతం. స్వెట్టర్ కారులో వదిలేయండి. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనాలి.

అక్కణ్ణుంచి బిస్బీ చేరి రాత్రి ఉండిపోండి. ఆదివారం మొదటి గని టూరు, మ్యూజియం, పన్నెండింటికి లావెండర్ పిట్, తర్వాత టూంబ్‌స్టోన్‌లో గంట, ఇంటికి.

గది తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: కారు ఆపిన చోటి నుంచి గది తలుపు దాకా ఎన్ని మెట్లు? పాత హోటళ్లలో లిఫ్టు ఉండకపోవచ్చు. కొన్ని ఇళ్లకైతే మెట్ల దారి తప్ప రోడ్డే లేదు, మ్యాప్ మాత్రం రోడ్డున్నట్టే చూపిస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి వారెన్ వైపు తీసుకోవడం నయం. 5,300 అడుగుల ఎత్తు కాబట్టి అక్టోబరు రాత్రులు చల్లగా ఉంటాయి.

దారిమైలు:

టర్కాయిస్ విషయంలో జాగ్రత్త. 'బిస్బీ బ్లూ' అనేది లావెండర్ పిట్ రాగి తవ్వకంలో బయటపడిన రాయి. ఆ తవ్వకం ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది, కొత్త సరుకు రాదు. కాబట్టి చవగ్గా, ఒకే రంగులో, గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే అనుమానించాల్సిందే. తెల్లటి హౌలైట్ రాయికి నీలం రంగు వేసి అమ్మడం మామూలే. ఆ రంగు చాలాసార్లు అసిటోన్ తడిపిన దూదికి అంటుకుంటుంది. రాయి సహజమైనదా, రెసిన్ పట్టించి గట్టిపరిచినదా, ఏ గనిది అన్నది రసీదు మీద రాసివ్వమనండి. రాయడానికి తటపటాయిస్తే కొనొద్దు. రెసిన్ పట్టించిన రాయి తప్పుడు సరుకేం కాదు, ధర తక్కువుండాలి అంతే.

పిల్లలు లావెండర్ పిట్ దగ్గర, మట్టిదిబ్బల మీద రంగురాళ్లు ఏరతామంటే వద్దనండి. అది గని కంపెనీ స్థలం, అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. చుట్టుపక్కల కొండల్లో కూలిపోయే పాత గుంతలు కూడా ఉంటాయి. చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలంటే ఊళ్లో రాళ్ల దుకాణాల్లో అజురైట్, మాలకైట్ చిన్న ముక్కలు దొరుకుతాయి. అజురైట్ మెత్తటి రాయి, గీతలు పడుతుంది, నీళ్లలో నానబెట్టకుండా విడిగా పొట్లం కట్టించుకోండి.