దీపావళి ప్రోగ్రాం నాటిక: స్క్రిప్ట్ డ్రాఫ్ట్, అందరూ చదివి చెప్పండి

స్క్రిప్ట్ (విజయనగరం నుంచి):
అందరికీ నమస్కారం. డల్లాస్‌లో కల్చరల్ కమిటీ వాళ్ళు కాల్‌లో అడిగింది ఏంటంటే, పండగ పూట ప్రపంచం నాశనమైపోయాక జరిగే కథ ఎందుకు, పిల్లలు భయపడరా, హాయిగా డాన్సులు పెట్టుకోవచ్చు కదా అని. డాన్సులు ఎలాగూ ఉన్నాయి. నాకిచ్చిన పాతిక నిమిషాల్లో ఈ కథే ఎందుకు పట్టుకున్నానో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఆలోచన పుట్టింది జాన్ విండమ్ 1955లో రాసిన క్రిసలిడ్స్ నవల చదివాక. హిరోషిమా మీద బాంబు పడి అప్పటికి పదేళ్ళే. కథ కెనడాలోని లాబ్రడార్‌లో, ఎప్పుడో పాతకాలం లోకం కాలిపోయిన చాలా తరాల తర్వాత జరుగుతుంది. బతికి బయటపడ్డవాళ్ళ వారసులు అదంతా దేవుడు వేసిన శిక్ష అని నమ్మి, మళ్ళీ పడకూడదని పంటలో, పశువులో, మనిషిలో ఏ చిన్న తేడా కనపడినా సహించరు, తేడాగా పండిన చేను తగలబెట్టేస్తారు, తేడాగా పుట్టిన దూడని కోసేస్తారు, బిడ్డ పుడితే ఇన్స్‌పెక్టర్ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా బిడ్డ పుట్టిందని కూడా చెప్పుకోరు. సోఫీ అనే పిల్ల కాలికి ఆరు వేళ్ళు, ఆ పిల్ల తడికాలి ముద్ర బండ మీద పడి ఇంకో కుర్రాడి కంట పడడంతో ఆ కుటుంబం రాత్రికి రాత్రి ఊరు వదిలి పారిపోవాలి. అదే ఊళ్ళో మామూలు గుర్రానికి రెండింతలున్న గుర్రాలకి మాత్రం గవర్నమెంటు పర్మిషన్ ఇస్తుంది, ఎందుకంటే అవి ఎక్కువ పని చేస్తాయి! నియమం ఎవరికి వంగుతుందో ఎవరికి వంగదో చూడండి.

నన్ను పట్టుకున్నది మాత్రం హారియట్ పిన్ని సీను. ఆవిడకి ఇది మూడో బిడ్డ, ముందు ఇద్దరూ తేడాతో పుట్టారని తీసేసుకున్నారు, ఇప్పుడు మూడోది కూడా తేడా అని తేలితే మొగుడు వదిలేయొచ్చు. అందుకని సొంత అక్క దగ్గరికి పసిబిడ్డని ఎత్తుకుని వచ్చి, నీ బిడ్డని ఒక్కసారి ఇయ్యి, ఇన్స్‌పెక్టర్‌కి చూపించి సర్టిఫికెట్ తెచ్చుకుంటాను అని బతిమాలుతుంది. అక్క ఇవ్వదు. బావ బయటికి పొమ్మంటాడు. ఆ తర్వాత ఆవిడ శవం ఏట్లో దొరుకుతుంది, బిడ్డ మాట ఎవరూ ఎత్తరు. ఆ అక్క చెడ్డదని నాకు అనిపించలేదు. భయం. నాకూ చుట్టుకుంటుందేమో అన్న భయం. నాటికలో నేను స్టేజ్ మీదకి తేవాలనుకున్నది ఆ అక్కనే, రాక్షసుల్నీ వింత జంతువుల్నీ కాదు.

నవలని అలాగే వేసేయకూడదు, రచయిత 1969లోనే పోయినా హక్కులు ఇంకా నడుస్తున్నాయి, అందుకే కథ మొత్తం మనదే. ఆరో వేలు కూడా వద్దు, మన వైపు ఆరో వేలుంటే అదృష్టం అంటారు కాబట్టి చూసేవాళ్ళకి భయం తట్టదు. నేను ఎడంచెయ్యి పెట్టాను. విపత్తు తర్వాత మిగిలిన ఒక ఊరు, ఎడంచెయ్యి వాటం ఉన్నవాళ్ళ వల్లే కీడొచ్చిందని ఎవరో అన్నారు, అందరూ నమ్మేశారు. హాల్లో కూర్చునే ప్రతి తెలుగువాడికీ ఇది ఒంటికి తెలుసు, ఎడంచేత్తో అన్నం తిన్నందుకో డబ్బులిచ్చినందుకో చేతి మీద దెబ్బ తినని ఇల్లుండదు.

ముఖ్యమైన సీను బంతి భోజనం. అందరూ వరసగా కూర్చుంటారు, పదేళ్ళ పిల్ల కుడిచేత్తో వడ్డిస్తుంటుంది, వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి ఎడంచెయ్యి కట్టేసి నేర్పింది. పక్కాయన మోచెయ్యి తగిలి బల్ల అంచున ఉన్న, బుడితిలో చేసిన ఇత్తడి చెంబు ఒరుగుతుంది. పిల్ల ఎడంచెయ్యి దానంతట అదే వెళ్ళి పట్టుకుంటుంది. చెంబు కింద పడి ఖంగుమంటుందని హాలంతా చెవులు సిద్ధం చేసుకుని ఉంటుంది, ఆ చప్పుడు రాదు, నమిలే నోళ్ళు ఆగిపోతాయి. అప్పుడు ఒక ముసలావిడ, "ఓలమ్మో, ఏ సెయ్యే అది? ఏ సేత్తో పట్టీసినాదే?" అంటుంది. అమ్మ, "కుడిసెయ్యి కాలిందప్పా, అందుకే" అంటుంది. పిల్ల చిన్నమ్మకి నిజం తెలుసు. అందరూ చిన్నమ్మ వైపు చూస్తారు. ఆవిడ తల దించుకుని తన కుడిచేత్తో ముద్ద కలుపుకుంటుంది. అంతే, ఒక్క మాట ఉండదు.

పలాస అక్క (సెట్, డ్రస్సులు):
చదివాను తమ్ముడూ. ఆ చెంబు దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది. సెట్‌కి బాంబులు, కాలిన బిల్డింగులు అవేవీ గీయించొద్దు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళిన పొద్దున్న శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ఎలా ఉందో అది చాలు. తలలు తెగిన కొబ్బరి చెట్లు, వేళ్ళతో లేచి పడిపోయిన జీడిమామిడి. ముప్పై ఏళ్ళు పెంచిన తోట ఒక్క రాత్రిలో లేకుండా పోయింది, మాకు లోకం ముగిసిపోవడం అంటే అదే. వెనక పరదా మీద మొండి కొబ్బరి చెట్లు మూడు చాలు. డ్రస్సులు అందరికీ ఒకే తెలుపు, పొందూరు ఖద్దరు.

బొబ్బిలి బావ (స్టేజ్, డల్లాస్):
బావుంది బావా. నాదొక ఐడియా, హాల్ గుమ్మం దగ్గరే జనానికి రెండు రంగుల బ్యాడ్జీలిచ్చీసి ఒక రంగు వాళ్ళని వెనక కూకోబెడితే ఎలాగుంటాది? అమెరికాలో ఒక టీచరమ్మ 1968లో కళ్ళ రంగు బట్టి పిల్లల్ని విడగొట్టి చూపించినాది కదా, అలాగ. ఇంకోటి, కమిటీ వాళ్ళు ఆఖర్న ఊరి పెద్ద తప్పైపోనాది అని దండం పెట్టాలంటన్నారు.

స్క్రిప్ట్:
బావా, బ్యాడ్జీలు మాత్రం వద్దు, గట్టిగా చెప్తున్నాను. ఆ టీచర్ జేన్ ఎలియట్, మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన మర్నాడు తన క్లాసులో చేసింది, తను రోజూ చూసే పిల్లలు, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడింది, అయినా దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. మన హాల్లోకి వచ్చే పిల్లల్లో లంచ్ బాక్స్ వాసన గురించి, పేరు గురించి స్కూల్లో మాటలు పడ్డవాళ్ళు ఉంటారు. పండక్కి వచ్చిన పిల్లని మనం కూడా వెనక కూర్చోమనడం ఏం న్యాయం? భయం స్టేజ్ మీదే ఉండాలి, చూసేవాళ్ళు దాన్ని బయటినుంచి గుర్తుపట్టాలి.

గుర్తుపడతారు కూడా. 2020 కరోనా లాక్‌డౌన్‌లో మన మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ రేవులో ఇరుక్కుపోయి నానా తిప్పలు పడి బస్సుల్లో తిరిగొచ్చారు, అప్పుడు ఊళ్ళ మొగల్లో ముళ్ళకంపలు అడ్డం పెట్టి కాపలా కాసింది ఎవరు? బయటివాళ్ళు కాదు, ఆ ఊరి వాళ్ళే, మంచివాళ్ళే. జబ్బుకి జాగ్రత్త పడడం వేరు, జబ్బు లేదని తేలాక కూడా నెలల తరబడి ఆ ఇంటి పాలు పోయించుకోకపోవడం వేరు. ఆ రెండో దాని గురించే నాటిక.

ఊరి పెద్ద దండం పెట్టే సీను కూడా నేను రాయలేను. అతనొక్కడు మారితే అయిపోతుందంటే, తల దించుకున్న చిన్నమ్మ, నమలడం ఆపిన ముప్పై మంది తప్పించుకుపోతారు. విండమ్ కూడా తేలిగ్గా వదల్లేదు, ఆ నవల్లో నోరు తెరవకుండా మనసుతోనే మాట్లాడుకోగల పిల్లలు కొందరుంటారు, చివర్లో వాళ్ళని కాపాడడానికి సీలాండ్ అనే దూరదేశం నుంచి వచ్చినావిడ, మనసుతో మాట్లాడుకోలేని వాళ్ళంతా తక్కువ జాతి అన్నట్టు మాట్లాడుతుంది, అక్కడున్న వాళ్ళని చంపేసి మరీ పిల్లల్ని తీసుకెళ్తుంది. అది చదివి నాకు చాలా బాధేసింది, కానీ నిజమే రాశాడు.

ఇలాంటి కథలు మనవి కావు అని కమిటీలో ఒకరన్నారట. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో విషవాయువు ఉందని తేలి, భూమి దానిలోంచి వెళ్తే అందరం చస్తామని అమెరికాలో జనం మాత్రలు కొనుక్కున్నారు. అదే ఏడు మన విజయనగరంలో గురజాడ ముత్యాల సరాలు రాశారు. తోకచుక్క అరిష్టం అని భయపడే లోకానికి, అది దూరపు చుట్టం, పోతూ పోతూ చూసిపోవడానికి వచ్చింది అన్నారు, ఆ కవితలోనే కులాలు కలిసి కూర్చుని తిన్న భోజనం గురించి మొగుడూ పెళ్ళాల మాటలు నడుస్తాయి. లోకం అంతమైపోతుందన్న భయం, బంతి భోజనం, రెండూ ఒకే చోట, నూటపదేళ్ళ కిందటే! నాటిక ముందు యాంకర్ ఈ నాలుగు ముక్కలు చెప్తే చాలు, నేను రాసిస్తాను.

పలాస అక్క:
పిల్లలు భయపడతారేమో అన్న మాటకి నా జవాబు, రిహార్సల్‌కి పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి, ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి కథ ముందే చెప్పేయండి. మా మేనకోడలు ఎడంచెయ్యి వాటమే, వేషం తనకే ఇయ్యండి, నిజంగా ఎడంచేత్తో పట్టుకుంటుంది.

స్క్రిప్ట్:
అక్కా, అంతకంటే కావాల్సిందేముంది, పాప ఒప్పుకుంటే తనే. చెంబు నేను ఇక్కడినుంచి వచ్చేవాళ్ళ లగేజీలో పంపిస్తాను, స్టీలుది వాడొద్దు, ఇత్తడిదే కావాలి. మొదటి రిహార్సల్ మీకు శనివారం రాత్రి 9, మాకు ఆదివారం పొద్దున్న 7:30. చిన్నమ్మ వేషానికి ఇంకా ఎవరూ ముందుకి రాలేదు, ఆవిడకి ఆ సీన్లో డైలాగ్ లేదని వద్దనుకుంటున్నారేమో, నాటికలో అందరికంటే కష్టమైన వేషం అదే, దయచేసి గురువారం లోపు ఎవరైనా చెప్పండి.