జి7♭9♭13 అని కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) పేరు టైప్ చేసినా పియానోలో డి మోగుతోంది. వాయిసింగ్ (ఏ స్వరాలు, ఏ వరసలో మోగాలన్నది) మన చేతిలోకి ఎలా తెచ్చుకోవాలి?

ఎడమచేతి సాధన:
అందరికీ నమస్కారం. సి మైనర్‌లో నెమ్మదిగా సాగే పాట ఒకటి, టెంపో 66. మా అక్క పాడుతుంది, కార్డ్ పేర్లు టైప్ చేస్తే వాద్యాలు వాయించే సాఫ్ట్‌వేర్‌లో సాధనకి నేను ట్రాక్ చేసి ఇస్తున్నాను. పల్లవి చివర జి7 మీద ఆమె ఇ♭ (♭ అంటే సగం టోన్ కిందికి, ♯ అంటే పైకి) పట్టుకుని నాలుగు బీట్లు నిలుస్తుంది. గొంతు కదపకుండా అదే స్వరం మీద సి మైనర్‌లోకి దిగుతుంది. పాటలో నాకు ప్రాణమంతా అక్కడే ఉంది.

ఆ టెంపోలో నాలుగు బీట్లంటే మూడున్నర సెకన్ల పైమాటే. అంతసేపూ సాఫ్ట్‌వేర్‌లోని పియానో కింద డి వాయిస్తూనే ఉంటుంది. ఇ♭ పక్కన డి పడేసరికి అక్క తన శ్రుతే తప్పిందనుకుని గొంతు దించేస్తోంది. తప్పు ఆమెది కాదు, నా ట్రాక్‌ది.

ముందు జి7 అని కొట్టాను. తర్వాత జి7♭9♭13 అని రాశాను. ఎ♭ వచ్చింది కానీ డి పోలేదు. నేను చేత్తో వాయించేటప్పుడు ఎడమచేతిలో జి, ఎఫ్. కుడిచేతిలో బి, ఇ♭, ఎ♭ పెడతాను. సరిగ్గా అదే కావాలి. దారి ఉందా?

నైలాన్ తీగ:
డి పోకపోవడానికి కారణం మీరు రాసిన పేరులోనే ఉంది. ♭13 అంటే పైన ఒక స్వరం చేర్చమని అర్థం, అయిదో స్వరాన్ని తీసెయ్యమని కాదు. జి7లో అయిదోది డి, అది అలాగే ఉండిపోతుంది. చేత్తో వాయించేవాళ్లు చెవితో విని దాన్ని వదిలేస్తారు, ప్రోగ్రామ్ వదలదు.

జి7♯5♭9 అని కొట్టి చూడండి. ♯5 అన్నప్పుడు డి స్థానంలోకే డి♯ వస్తుంది. కీబోర్డు మీద డి♯, ఇ♭ ఒకే మెట్టు. కాగితం మీద మీ పేరే అందంగా ఉంటుంది, మైనర్‌లోకి దిగే చోట ఇ♭ అని చదవడమే సుఖం. కానీ టైప్ చేసేది యంత్రం కోసం కాబట్టి దానికి అర్థమయ్యే పేరే ఇవ్వాలి.

ఇంకొకటి: ఆ పియానో మిడి ట్రాకా (స్వరాల సూచనలు చూసి కంప్యూటర్ వాయించేది), మనిషి వాయించి రికార్డ్ చేసిన ఆడియోనా? ఆడియో అయితే వాయించిన మనిషి ఆ కార్డ్ అసలు వాయించి ఉండకపోవచ్చు. అప్పుడు పేరు ఎంత వివరంగా రాసినా దగ్గరలో ఉన్న మామూలు జి7 కార్డే వస్తుంది. మిడి స్టైల్‌కి (వాద్యాలు వాయించే తీరు) మారండి.

రాత్రి రికార్డింగ్:
తమ్ముడూ, పైన చెప్పింది నిజమే. నేను మాత్రం ఇలాంటి చోట స్లాష్ కార్డ్ (గీతకి ముందు కార్డ్, తర్వాత కింద మోగే బేస్ స్వరం) వాడతాను. నువ్వు కోరిన స్వరాలు ఒకసారి చూడు: ఎ♭, బి, ఇ♭, ఎఫ్, కింద జి. పై నాలుగూ కలిపితే ఎ♭ మైనర్ సిక్స్త్. అందుకని ఎ♭మైనర్6/జి అని రాయి. అందులో డి అన్నదే లేదు, కాబట్టి అది మోగే ప్రశ్నే లేదు.

ఈ పద్ధతి చాలా చోట్ల పనికొస్తుంది. జి9సస్ కావాలంటే డిమైనర్7/జి, సిమైనర్9 కావాలంటే ఇ♭మేజర్7/సి. పేరు పొడుగ్గా ఉండి ప్రోగ్రామ్ గుర్తుపట్టని కార్డ్‌ని రెండు చిన్న ముక్కలుగా విడదీస్తే చక్కగా తీసుకుంటుంది. కాకపోతే స్లాష్ పెట్టినచోట కొన్ని స్టైళ్లలో బేస్ నడక ఆపేసి ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుంటుంది. మీ అక్క నిలిచే చోట అదీ మంచిదే.

బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఒక మాట. కార్డ్ పక్కన మూడు చుక్కలు పెడితే వాద్యం ఆ కార్డ్‌ని పట్టి ఉంచుతుంది, మధ్యలో మళ్లీ మళ్లీ కొట్టదు. గొంతు నిలిచే చోట పియానో కూడా నిలవాలి.

ఇక ఏ స్వరం కింద, ఏది పైన అన్నది కార్డ్ పేరులో ఎప్పటికీ ఇమడదు. పేరు స్వరాలను చెబుతుంది, వాటి వరస చెప్పదు. నీకు అచ్చంగా ఆ అయిదు స్వరాలు ఆ వరసలోనే కావాలంటే ఆ రెండు బార్లలో (బీట్ల ఆవర్తాలలో) పియానోని మ్యూట్ చేసి, ఖాళీ మిడి ట్రాక్‌లో నువ్వే వాయించు. కింద జి, ఎఫ్ వాయించేటప్పుడు బేస్ గిటార్‌కి మరీ దగ్గరగా పెట్టకు, మసకగా వినిపిస్తుంది.

ఎడమచేతి సాధన:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పియానో మిడి ట్రాకే. జి7♯5♭9తో డి పోయింది, కానీ బి, ఇ♭ రెండూ అక్క గొంతు దగ్గరే గుంపుగా వచ్చాయి. ఎ♭మైనర్6/జితో ఇంకా బాగుంది. చివరికి అన్న చెప్పినట్టే ఆ రెండు బార్లు చేత్తో వాయించాను. జి, ఎఫ్, బి, ఇ♭, ఎ♭ నుంచి సి, ఇ♭, బి♭, ఇ♭, జికి వెళ్లాను. ఎఫ్ ఒక టోన్ దిగుతుంది, బి, ఎ♭ చెరో సగం టోన్ దిగుతాయి. మధ్యలో ఇ♭ ఉన్నచోటే ఉంటుంది, అక్క గొంతులాగే.

నిన్న రాత్రి ఆమె నాలుగు బీట్లూ గొంతు దించకుండా నిలిచింది. ఇప్పుడు ఇంకో చిక్కు: పాటని సగం టోన్ పైకి మార్చమంటోంది. శ్రుతి మారిస్తే నా మిడి ట్రాక్ కూడా కార్డ్‌లతో పాటు మారుతుందా, లేక మళ్లీ వాయించాలా?

రాత్రి రికార్డింగ్:
కార్డ్‌లు మార్చేటప్పుడు మిడి ట్రాక్‌నీ కలిపి మార్చే అవకాశం ఇచ్చారేమో ముందు చూడు. లేకపోతే ఆ ట్రాక్‌లో స్వరాలన్నీ ఎంచుకుని ఒక్క మెట్టు పైకి జరుపు, అర నిమిషం పని. మార్చే ముందు ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకో.