మొదటి ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) బైక్: జైరో ఉన్నదా, లేనిదా?

చెరువుగట్టు: విజయనగరం నుంచి. రెండేళ్లుగా ఆర్‌సీ కార్లు నడుపుతున్నాను, ఇప్పుడు బైక్ కొనాలి. మనసంతా 1/4 స్కేల్ (అసలు బండిలో నాలుగో వంతు సైజు) లోసీ ప్రోమోటో మీదే ఉంది. దాంట్లో జైరో ఉంది, అంటే లోపల ఫ్లైవీల్ (బరువైన చిన్న చక్రం) తిరుగుతూ బండిని పడకుండా పట్టుకుంటుంది. జైరో లేని చిన్న 1/8 బండి మీద ముందు నేర్చుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. నడిపేది అయోధ్య మైదానంలో. ఏది కొనమంటారు?

సోల్డరింగ్ మాస్టారు: జైరో లేనిదే కొనండి. కారుకీ బైకుకీ తేడా ఒరగడంలోనే ఉంది. ఎడమకు వెళ్లాలంటే ముందు చక్రం ఒక్క క్షణం కుడికి తిరగాలి, అప్పుడే బండి ఎడమకు వాలుతుంది. అది వేలికి తెలియాలి. ఫ్లైవీల్ మోస్తుంటే మీకు వచ్చేది ట్రిగ్గర్ నొక్కడం ఒక్కటే.

కోటగుమ్మం: మాస్టారూ, ఫ్లైవీల్ నిలబెడుతుందే గానీ మలుపు తిప్పదు. జైరో లేని బండి స్పీడులోనే నిలబడుతుంది, నెమ్మదిస్తే పడిపోతుంది. సాయంత్రం అయోధ్య మైదానంలో క్రికెట్ పిల్లలు, వాకింగ్ చేసేవాళ్లు ఉంటారు. అంత స్పీడుకి జాగా ఎక్కడుందండీ? పైగా చాలా బైకుల్లో సర్వోకీ (హ్యాండిల్ తిప్పే చిన్న మోటార్) ఫోర్కుకీ మధ్య స్ప్రింగులుంటాయి. మీరు చెప్పిన కుడి తిరుగుడు ఫోర్కే చూసుకుంటుంది, వేలు కాదు.

నాగావళి ఒడ్డు: మాది శ్రీకాకుళం. కళింగపట్నం బీచ్‌లో మాత్రం నడపకండి. ఇసుక దూరి నా బేరింగులు పోయాయి.

సోల్డరింగ్ మాస్టారు: స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలో బిగించేది మనిషేగా? వదులైతే బండి ఊగుతుంది, బిగువైతే వాలదు. నేను చెప్పే నేర్చుకోవడం అదే.

కోటగుమ్మం: మళ్లీ స్ప్రింగేనా! మీ మాట విని జైరో లేనిది కొన్నది నేనే కదండీ. మొదటి ఆదివారం పదకొండుసార్లు పడింది. పడిన ప్రతిసారీ గ్రౌండ్ అవతలికి పరిగెత్తి లేపుకొచ్చాను. హ్యాండిల్ చివర అరిగి తెల్లబడింది, ఫుట్‌పెగ్ విరిగి మట్టిలో కలిసిపోయింది. మా పాప రిమోట్ పట్టుకుని నిలబడే ఉంది, దానికి ఒక్క రౌండు కూడా దక్కలేదు. మీరు కుర్చీలోంచి లేవకుండా "అలాగే నేర్చుకోవాలి" అన్నారు. ఆ తర్వాత పాప మళ్లీ గ్రౌండుకి రాలేదు.

మిరపబజ్జీ: ఆ రోజు నేనూ ఉన్నాను. నిజమే.

సోల్డరింగ్ మాస్టారు: పాప రావడం మానేసిందని నాకిప్పుడే తెలిసింది. నేను లేచి రావలసింది, తప్పు నాదే. కానీ నా భయమూ వినండి. ఆదివారాల్లో ఏడుగురం చేరేవాళ్లం, ఇప్పుడు ఇద్దరం. మానేసినవాళ్లలో ముగ్గురివి ఖరీదైన బళ్లే. చిన్న పార్టు పోతే ఇక్కడ దొరకదు. ఒకాయన ఆర్డర్ పెట్టి ఆరు వారాలు ఎదురుచూశాడు, ఈలోగా బండి అటకెక్కింది, మనిషి మళ్లీ కనబడలేదు. ఫ్లైవీల్ అంటే దానికో మోటార్, దానికో వైరింగ్, పాడవడానికి ఇంకో చోటు. సొంతంగా విప్పి బిగించుకోగలిగిన బండి ఉంటేనే మనిషి మిగులుతాడు.

కోటగుమ్మం: మొదటిరోజు రెండు రౌండ్లైనా తిరిగితేనే కదా మాస్టారూ, రెండో ఆదివారం వచ్చేది! విప్పడం తర్వాత నేర్చుకోవచ్చు. నేను అంటున్నది మొదటినుంచీ ఇదే.

సోల్డరింగ్ మాస్టారు: జైరో గురించి నా మాట మారదు. ఈ ఆదివారం పొద్దున్న ఆరింటికి వస్తాను. పాపను తీసుకురండి. బండి పడితే నేను లేపుతాను.

చెరువుగట్టు: ప్రోమోటోనే తీసుకుంటున్నాను. దాంతోపాటే బేరింగులు, లీవర్లు, ఒక సర్వో ఆర్డర్ పెడతాను. మాస్టారూ, మొదటిసారి విప్పేది మీ ముందే.

నాగావళి ఒడ్డు: లైపో బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో వదిలేయకు తమ్ముడూ. వారం నడపకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచు. నాది ఉబ్బిపోయింది.