చదవడం రాని తల్లిదండ్రులకు తరగతి కబుర్లు ఎలా చేర్చాలి?

అందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి గణితం బోధిస్తున్నాను. ఆ వారం ఏ పాఠం జరిగిందో, ఇంటి దగ్గర పిల్లలతో ఏం చేయించవచ్చో ప్రతి శనివారం తరగతి వాట్సాప్ గ్రూపులో రాస్తున్నాను గానీ, తల్లిదండ్రుల్లో చాలామంది చదువు రాని కూలీలు కావడంతో ఆ కబురు ఫోన్‌లోనే ఉండిపోతోంది.

సగటు, మధ్యగతం (విలువలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) పాఠానికి, అమ్మ ఏడు రోజుల్లో ఎన్నెన్ని కిలోల పత్తి తీసిందో రాసుకురమ్మన్నాను. ఒక అమ్మాయి 38, 42, 40, 0, 42, 35, 41 అని రాసి, వాన పడి పని లేని రోజును కూడా లెక్కలో కలపాలా అని అడిగింది. కలిపితే సగటు 34 కిలోలకు పడిపోతుంది, మధ్యగతం మాత్రం 40 దగ్గరే ఉంటుంది. పని దొరకని రోజు విలువ ఆ తల్లికి నాకంటే బాగా తెలుసు కనుక, ఇలాంటి సంభాషణ ఇంట్లోనే జరగాలని నా కోరిక.

రాత కబురుకు బదులు వాయిస్ సందేశాలు పంపినవారు ఎవరైనా ఉన్నారా? ఎన్ని నిమిషాలకు మించకూడదు, ఏ వేళ పంపితే వింటారు? మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు, ఖర్చు లేకుండా అక్కడే చేయగల విజ్ఞానశాస్త్ర కృత్యాలు ఏమైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.