కొన్న అనుభవంతో మొదటి ఉద్యోగం: తప్పా, తప్పనిసరా?

జనగామ_ఈసీఈ (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. 2024లో బీటెక్ ఈసీఈ పూర్తి చేశాను. 71 శాతం, బ్యాక్‌లాగ్స్ లేవు. ఆ ఏడాది మా కాలేజీకి వచ్చిన కంపెనీలే తక్కువ, అవి తీసుకున్నవాళ్ళు ఇంకా తక్కువ. అప్పటి నుంచి హైదరాబాద్ ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉంటున్నాను. గదికి నలుగురం, మెస్సుతో కలిపి నెలకు 6,500. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్లో పైథాన్ ఫుల్ స్టాక్ నేర్చుకున్నాను, తర్వాత సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కూడా. ఎన్ని అప్లికేషన్లు పెట్టానో లెక్కపెట్టడం మానేశాను. పిలిచింది నాలుగు చోట్ల. అందులో రెండు చోట్ల పరీక్ష దాటాక, "రెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళనే తీసుకుంటున్నాం" అని పంపించేశారు.

ఇప్పుడు ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఆ రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామంటున్నారు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే మాట్లాడే మనిషి, అన్నీ వాళ్ళే చూసుకుంటారట. ముందు 60,000 కట్టాలి, ఉద్యోగం వచ్చాక రెండు నెలల జీతం ఇవ్వాలి. నా పక్క బెడ్ అమ్మాయి ఇలాగే గచ్చిబౌలిలో చేరింది. ఏడు నెలలైంది, ఏమీ కాలేదు.

నాన్న పత్తి డబ్బు చేతికి రాగానే పంపిస్తానన్నాడు. కోర్సు ఫీజు అని చెప్పాను ఆయనకు. ఆ ఒక్క మాట చెప్పినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. సోమవారంలోగా కన్సల్టెన్సీకి ఏదో ఒకటి చెప్పాలి. ఇది తప్పా? తప్పైతే నాలాంటి వాళ్ళు ఇంకేం చేయాలి? తిట్టినా పర్వాలేదు, ఉన్నదున్నట్టు చెప్పండి.

మాదాపూర్_టెస్టర్:

చెల్లీ, నా మాట ఇక్కడ చాలామందికి నచ్చదని తెలుసు. పెట్టించుకో.

2023-24 ఒక్క ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగుల సంఖ్య టీసీఎస్‌లో 13,249, ఇన్ఫోసిస్‌లో 25,994, విప్రోలో 24,516 తగ్గింది. ఒకప్పుడు మన కాలేజీల నుంచి వందల మందిని ఒకేసారి తీసుకెళ్ళిన కంపెనీలు ఇవే. సరిగ్గా ఆ తలుపులు మూసుకున్న ఏడాదే నువ్వు బయటికొచ్చావు. అందులో నీ తప్పేముంది? ఆఫర్ లెటర్ చేతికిచ్చి, ఏడాది దాటినా జాయినింగ్ తేదీ చెప్పకుండా పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టిన కంపెనీలు ఉన్నాయి. అది అబద్ధం కాదా? 'ఫ్రెషర్లు కావలెను' అని వేసి రెండేళ్ళ అనుభవం అడిగేది అబద్ధం కాదా? పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది మన పిల్లల పరిస్థితి.

నేను 2019లో ఇలాగే చేరాను. మొదటి మూడు నెలలు రాత్రి రెండింటి దాకా వీడియోలు చూసి పని నేర్చుకున్నాను. ఆ జీతంతోనే మా చెల్లి పెళ్ళి చేశాను, ఊళ్ళో ఇంటికి స్లాబ్ వేయించాను. నా వల్ల ఎవరికి నష్టం జరిగిందో ఒక్కరిని చూపించమనండి.

బీజీవీ_పదేళ్లు:

పదేళ్ళుగా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే కొత్తగా చేరేవాళ్ళ పాత ఉద్యోగాల వివరాలు నిజమో కాదో చూసే పనిలో ఉన్నాను. మంచి చెడుల సంగతి మిగతావాళ్ళు చెబుతారు. ఎలా పట్టుబడతారో నేను చెబుతాను, ఎందుకంటే కన్సల్టెన్సీ వాళ్ళు ఆ ఒక్కటీ చెప్పరు.

పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు 2014లో వచ్చింది. మనిషి ఎన్ని కంపెనీలు మారినా నంబరు ఒకటే. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది సర్వీస్ హిస్టరీలో వరుసగా కనిపిస్తుంది. 'పీఎఫ్‌తో సహా' అని ఎక్కువ డబ్బు తీసుకునే కన్సల్టెన్సీలు కూడా ఉన్నాయి. కానీ పాస్‌బుక్‌లో ఏ నెల జీతానికి కట్టారన్నదే కాదు, డబ్బు ఏ తేదీన జమైందన్నదీ ఉంటుంది. ఇరవై నెలల పీఎఫ్ ఒకే వారంలో జమైతే చూసేవాళ్ళకు అర్థం కాదా? అసలు పీఎఫ్ లేదంటే జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతాం. కంపెనీ ఎప్పుడు రిజిస్టరైందో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. కంపెనీ పుట్టకముందు తేదీతో ఇచ్చిన ఆఫర్ లెటర్లు నా చేతిలోకి వచ్చాయి.

ఇంకోటి. ఒక దొంగ కంపెనీ పేరు బయటపడితే ఆ ఒక్క కేసుతో ఆగదు. ఆ పేరుతో ముందు చేరినవాళ్ళ ఫైళ్ళన్నీ మళ్ళీ తీస్తాం. మీ పక్క బెడ్ అమ్మాయికి ఏడు నెలలుగా ఏమీ కాలేదంటే, ఇంకా కాలేదని మాత్రమే. పట్టుబడకపోవడం ఆ అమ్మాయి జాగ్రత్త మీద లేదు, అదే లెటర్ కొన్న ముక్కూ మొహం తెలియని మరో యాభై మంది మీద ఉంది.

చట్టం చూస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, ఫోర్జరీకి 336 సెక్షన్లు ఉన్నాయి. నేను చూసినంతలో కంపెనీలు పోలీసుల దాకా వెళ్ళడం తక్కువ. ఆ రోజే లాప్‌టాప్ తీసుకుని పంపించేస్తారు, రిలీవింగ్ లెటర్ ఇవ్వరు. అప్పుడు నిజంగా చేసిన నెలలు కూడా చెప్పుకోవడానికి ఉండవు. అలాంటి పిల్లలు ఫోన్ చేసి ఏడుస్తారు. రిపోర్టు రాసిన రోజు నాకు కూడా అన్నం సహించదు.

మాదాపూర్_టెస్టర్:

సార్, పట్టుబడ్డవాళ్ళే మీకు కనిపిస్తారు. పట్టుబడనివాళ్ళు నానక్‌రామ్‌గూడలో, కోకాపేటలో మేనేజర్లుగా ఉన్నారు. 'ఆగు' అని చెప్పడం తేలిక. ఆగినన్ని నెలలూ ఆ 6,500 ఎవరు కడతారు?

2009_బ్యాచ్:

ఇద్దరి మాటలూ చదివాను. జవాబు రాద్దామా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఈ విషయం మా ఇంట్లో కూడా అందరికీ తెలియదు.

2009 జనవరి 7న, కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ ఉత్తరం రాసిన రోజు, నేను ఫైనల్ ఇయర్. అమెరికాలో అప్పటికే మాంద్యం. మా సీనియర్లలో ఆఫర్ ఉన్నవాళ్ళు కూడా ప్రాజెక్టు లేక బెంచ్ మీద బిక్కుబిక్కుమంటూ ఉండేవారు. రెండేళ్ళు తిరిగాను. అప్పుడు అమీర్‌పేట ఆదిత్య ఎన్‌క్లేవ్ దగ్గర ఒకాయన ద్వారా రెండేళ్ళ జావా అనుభవం కొన్నాను. 2011లో ఉద్యోగం వచ్చింది, జీతం 18,000. ఎవరూ పట్టుకోలేదు. ఇప్పటిదాకా పట్టుకోలేదు. అందుకే టెస్టర్ తమ్ముడు అన్నది అబద్ధమని నేను అనను.

చేరిన మొదటి వారం టీమ్ లీడ్ ఒక బ్రాంచ్ నుంచి కోడ్ మార్పులు తీసి ఇంకో దాంట్లో కలపమన్నారు. బ్రాంచ్ అంటే ఏమిటో నాకు తెలియదు. నా పక్క సీట్లో నిజమైన ఫ్రెషర్ ఒకడుండేవాడు. రోజుకు ఇరవై ప్రశ్నలు అడిగేవాడు. లీడ్ కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పేవారు. ఆయన చెప్పేది నాకు సగం వినిపించేది. మెడ తిప్పి చూడటానికి కూడా భయం. రెండేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఇది తెలియదా అంటారేమోనని. ఫోన్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి, మెట్ల మీదికి వెళ్ళి స్నేహితులను అడిగేవాడిని. చివరికి 'జాబ్ సపోర్ట్' మాట్లాడుకున్నాను. రోజూ సాయంత్రం ఒకతను నా పని చేసిపెట్టడానికి నెలకు 8,000. అలా పద్నాలుగు నెలలు ఇచ్చాను.

ఫ్రెషర్‌గా చేరినవాడికి ఏడాది పాటు 'నాకు తెలియదు, చెప్పండి' అనే వీలుంటుంది. నాకు ఆ ఏడాది లేకుండా పోయింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ అబ్బాయి నన్ను దాటిపోయాడు. అది న్యాయమే.

రెండో సంగతి. ఆ అబద్ధం ఒక్కసారి చెప్పి ఊరుకునేది కాదు. ప్రతి కొత్త ఫారంలో మళ్ళీ అవే తేదీలు, అదే కంపెనీ పేరు. 2016లో ఒక మంచి చోట సెలెక్టయ్యాను, అప్పటి నా జీతానికి దాదాపు రెట్టింపు. పాత ఉద్యోగాల కాగితాలన్నీ వరుసగా పంపమన్నారు. ఇంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి ఆ ఆఫర్ వదులుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ ఎందుకు వదిలేశావని అడుగుతుంది.

తమ్ముడు ఎవరికి నష్టమని అడిగాడు కదా. ఇప్పుడు నేనే ఇంటర్వ్యూలు చేస్తున్నాను. రెజ్యూమెలో రాసిన రెండేళ్ళను నమ్మలేక, రెండేళ్ళ అనుభవం సరిపోయే పనికి మేం నాలుగేళ్ళు అడుగుతున్నాం. ఫ్రెషర్ చేయగలిగిన పనికి రెండేళ్ళు అడుగుతున్నాం. అమీర్‌పేట రెజ్యూమె అనగానే రెండుసార్లు తిరగేసి చూస్తాం. జనగామ చెల్లిని ఆ రెండు చోట్ల వెనక్కి పంపినదాంట్లో మాలాంటి వాళ్ళ పాలు ఉంది. నేను కొన్న రెండేళ్ళ ధర ఇప్పుడు నువ్వు కడుతున్నావమ్మా. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇక ఏం చేయాలంటావా. నువ్వు ఈసీఈ. ఈసీఐఎల్ మన ఊళ్ళోనే ఉంది, బీడీఎల్ కంచన్‌బాగ్‌లో, బీహెచ్ఈఎల్ రామచంద్రాపురంలో. ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను, అంటే స్టైపెండ్ మీద ఏడాది పని నేర్చుకునేవాళ్ళను తీసుకుంటాయి. నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీం పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పాసై ఎన్నేళ్ళయిందన్న పరిమితి పెడతారు కాబట్టి ఆలస్యం చేయకు. డిగ్రీ చదివినవాళ్ళకు 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ 9,000గా పెట్టారు, అందులో సగం కేంద్రం భరించేది. ఇప్పుడెంతో పోర్టల్‌లో చూసుకో. ఏడాదయ్యాక అక్కడే ఉద్యోగం ఇస్తారన్న గ్యారంటీ లేదు, చట్టంలోనే లేదు. కానీ చేతిలో ఉండేది నిజమైన ఏడాది. చర్లపల్లి, బాలానగర్ వైపు చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో టెస్టింగ్, క్వాలిటీ పనులు ఉంటాయి. అవి పోర్టల్స్‌లో కనిపించవు, గేటు దగ్గరికి వెళ్ళి అడగాలి. సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకోటి ఉద్యోగమే కాదని మన హాస్టళ్ళలో పాతుకుపోయిన ఆలోచన మీద నాకు చాలా కోపం.

మాదాపూర్_టెస్టర్:

అన్నా, మీ కథ చదివి బాధ అనిపించింది. కానీ 9,000 అనుకున్నా, అందులో హాస్టల్‌కే 6,500 పోతుంది. మిగిలిన 2,500తో ఆ అమ్మాయి ఛార్జీలు పెట్టుకుని ఇంటికేం పంపుతుంది?

2009_బ్యాచ్:

ఏమీ పంపలేకపోతుంది. నిజమే. కానీ కన్సల్టెన్సీకి కట్టాలనుకుంటున్న 60,000 ఉందే, అది తొమ్మిది నెలల హాస్టల్ ఖర్చు. అంత డబ్బు తెచ్చే స్తోమత ఉన్నప్పుడు, దాంతో కాగితాలు కొనుక్కుందామా, తొమ్మిది నెలల టైం కొనుక్కుందామా?

సికింద్రాబాద్_అమ్మ:

నేనెప్పుడూ ఇక్కడ రాయను, చదువుతానంతే. మా బాబు ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాడు. గ్యాప్ పెరిగేకొద్దీ వాడికంటే నాకే టెన్షన్ ఎక్కువైంది. పక్క ఫ్లాట్ అబ్బాయి జీతం ఎంతో రోజూ వాడి చెవిన వేసింది నేనే. ఒకరోజు ఇలాంటి కాగితాలే వాడి బ్యాగులో దొరికాయి. అప్పుడు ఆ పోలికలు మాని నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఉప్పల్‌లో ఒక చిన్న కంపెనీలో 14,000కు చేస్తున్నాడు. బంధువులు అడిగితే ఆ అంకె చెప్పడం నేర్చుకున్నాను.

తల్లీ, ఆ కాగితాలు కొంటావో లేదో నీ ఇష్టం. డబ్బు దేనికో మాత్రం మీ నాన్నకు చెప్పు.

జనగామ_ఈసీఈ:

నిన్న రాత్రి నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత "హాస్టల్‌కు ఎంతయితది" అని అడిగాడు, అంతే. రెండు రోజులు ఇంటికి రమ్మన్నాడు.

కన్సల్టెన్సీకి వద్దని మెసేజ్ పెట్టాను. 50,000కు తగ్గిస్తామని వెంటనే ఫోన్ వచ్చింది, ఎత్తలేదు. అప్రెంటిస్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాను. బుధవారం చర్లపల్లి వెళ్తున్నాను, నాతో ఇంకో రూమ్మేట్ కూడా వస్తానంది. సరైన పని చేశానా అంటే ఇంకా తెలియదు. టెస్టర్ అన్నా, మీరు చెప్పిన డబ్బు లెక్క ఇప్పటికీ నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఒక్క సందేహం. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని మా కాలేజీ వాళ్ళు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. అప్రెంటిస్ వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ అడిగితే ఏం చేయాలి?

మాదాపూర్_టెస్టర్:

నా అభిప్రాయం మారలేదు చెల్లీ. అయినా నీ రెజ్యూమె, ఇప్పుడున్నది ఉన్నట్టుగానే నాకు పంపు. మా దగ్గర ఇంటర్న్‌ల కోసం అడుగుతున్నారు, రిఫర్ చేస్తాను.

బీజీవీ_పదేళ్లు:

కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. నోటితో అడగకండి. ప్రిన్సిపాల్ పేరున ఉత్తరం రాసి, రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఇంటికి వెళ్ళేటప్పుడు కాలేజీకి కూడా వెళ్ళి ఆ పని ముగించుకోండి.