ఆర్వీలో, అంటే చక్రాల ఇంట్లో, కాపురం పెట్టాం. ఊరు చూసే రోజులూ ఇల్లు చూసుకునే రోజులూ ఎలా పంచుకోవాలి?

దారిమలుపు:

అందరికీ నమస్కారం. మావారూ నేనూ ఉద్యోగ విరమణ చేసి, కిందటి అక్టోబరులో ఇల్లు అమ్మేసి, ట్రక్కుకు కట్టి లాగే 27 అడుగుల ట్రెయిలర్‌లోకి మారాం. తొమ్మిదేళ్ల కుక్క కూడా మాతోనే ఉంటుంది. ఈ ఎనిమిది నెలలూ కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగాం. ఎక్కడా మూడు రాత్రులకు మించి ఆగలేదు. ఇప్పుడు న్యూ మెక్సికోలో ఉన్నాం. ఈ వారం జరిగిన ఒక సంగతి నన్ను బాగా బాధపెట్టింది, అందుకే రాస్తున్నాను.

సోమవారం వైట్ శాండ్స్ వెళ్లాం. క్షిపణి పరీక్ష ఉందని 70వ నంబరు రహదారిని ఆపేశారు, గంటకు పైగా ట్రక్కులోనే కూర్చున్నాం. చివరికి లోపలికి వెళ్లాక ఆ తెల్లటి జిప్సం దిబ్బల మీద చెప్పులు విడిచి నడిచాను. అంత ఎండలోనూ అరికాళ్లకు చల్లగా తగిలింది. చీకటి పడేదాకా అక్కడే ఉండిపోవాలనిపించింది. కానీ మర్నాడు ట్రెయిలర్ కట్టుకుని కార్ల్స్‌బాడ్ వైపు బయలుదేరాలి, సామాను సర్దుకోవాలి. గంటన్నరకే లేచాం.

మంగళవారమంతా ప్రయాణం. బుధవారం అక్కడి గుహలు. సహజ ద్వారం నుంచి మెలికల దారిలో దాదాపు 750 అడుగుల లోతుకు దిగి, బిగ్ రూమ్ అనే పెద్ద గది మొత్తం చుట్టి, లిఫ్టులో పైకి వచ్చాం. లోపల ఏడాది పొడుగునా 56 డిగ్రీల ఫారన్‌హీట్. బయట ఎండ మండిపోతోంది. అక్కడి నుంచి ట్రెయిలర్‌కు పరుగెత్తి, కుక్కకు తిండి పెట్టి, కాసేపు తిప్పి, గబ్బిలాలు ఎగిరే వేళకు మళ్లీ వెనక్కి వెళ్లాం.

సూర్యుడు దిగిపోయే వేళ గుహ నోటి నుంచి వేల గబ్బిలాలు సుడి తిరుగుతూ లేస్తాయి. దాన్ని చూడాలని ఈ బతుకు మొదలుపెట్టక ముందు నుంచీ కోరిక. అక్కడ ఫొటోలు తీయనివ్వరు, గబ్బిలాలు చెదిరిపోకుండా ఫోన్లు కూడా ఆపేయమంటారు. నేను ఆ రాతిమెట్ల మీద కూర్చునే నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి చీకటి పడింది, జనం లేచి వెళ్లిపోతున్నారు. అలిసిపోయావని లేపలేదన్నారు మావారు. తిరిగి వస్తే పన్నెండు రోజుల మాసిన బట్టల మూట, సింకులో గిన్నెలు, స్నానాల, గిన్నెల మురికినీళ్లతో నిండిపోయిన గ్రే ట్యాంకు.

మావారి మాట ఒకటే: "మళ్లీ ఇటు వస్తామో రామో, ఉన్నప్పుడే చూసేద్దాం." ఆయనది తప్పు అనలేను. మీరంతా రోజులు ఎలా పంచుకుంటున్నారు? ఎండల్లో కుక్కను ట్రెయిలర్‌లో వదిలి వెళ్లేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారు? దయచేసి చెప్పండి.

పాలోవెర్డె నీడ:

దారిమలుపు గారూ, మీరు మెట్ల మీద నిద్రపోయారని చదివి గుండె కలుక్కుమంది. మా మొదటి రెండేళ్లూ అచ్చం ఇలాగే గడిచాయి. మాకిది ఆరో ఏడు.

సూటిగా చెబుతాను, ఏమనుకోకండి. మీరు ఇంకా చుట్టపుచూపుగా వచ్చిన వాళ్లలాగే తిరుగుతున్నారు. వారం రోజుల సెలవు మీద వచ్చిన వాళ్లకు రోజుకో చోటు చూడటం సబబే. వాళ్ల మాసిన బట్టలు ఉతుక్కోవడానికి వెనక ఒక ఇల్లుంది. మనకు ఆ ఇల్లు కూడా వెంటే ఉంది కదండీ.

మేం మూడో ఏడు చోట్ల జాబితా పక్కన పడేసి ముందు రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాం. అమెరికా ప్రభుత్వ భూముల శాఖ అయిన బీఎల్ఎం భూముల్లో చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజులు ఉండనిస్తారు. ఆ పద్నాలుగునే మా కొలత చేసుకున్నాం. ఎక్కడికి వెళ్లినా, డబ్బు కట్టి ఉండే క్యాంప్‌గ్రౌండ్‌లోనైనా, వీలైతే రెండు వారాలు. అందులో బండి కదిలే రోజున వేరే పనేదీ పెట్టుకోం. ట్రెయిలర్ విప్పడం, చక్రాలకు అడ్డాలు పెట్టడం, మట్టం చూసుకోవడం, నీళ్లూ కరెంటూ కలుపుకోవడం, అన్నీ అయ్యేసరికి ఒళ్లు పులిసిపోతుంది. మర్నాడు కూడా ఎక్కడికీ వెళ్లం, చుట్టుపక్కల నడుస్తాం అంతే. ఆ తర్వాత ఒక రోజు బయటికి, ఒక రోజు ఇంట్లో.

మధ్యలో ఒక రోజును ట్యాంకే నిర్ణయిస్తుంది. మా గ్రే ట్యాంకు 40 గ్యాలన్లు, ఇద్దరం పొదుపుగా వాడితే ఎనిమిది రోజులు వస్తుంది. అది నిండిన రోజే ఊళ్లోకి వెళ్లే రోజు. మురికినీళ్లు వదిలే డంపు స్టేషను, మంచినీళ్లు, ప్రొపేన్, బట్టల ఉతుకు, తపాలా కార్యాలయం, అన్నీ ఒకే చుట్టులో ముగిస్తాం. స్థిరమైన చిరునామా లేనివాళ్లు వాడుకునే జనరల్ డెలివరీ పేరున మనకు వచ్చిన ఉత్తరాలను తపాలా వాళ్లు 30 రోజుల దాకా అట్టిపెడతారు, దానికోసం పరుగులు అక్కర్లేదు. బట్టలు ఉతికే యంత్రం తిరుగుతున్నంతసేపూ ఆ ఊరి గ్రంథాలయంలో కూర్చుంటాను. నాకు ఆ రోజంటే ఎంత ఇష్టమో చెప్పలేను. ఏ ఊరి మనుషులతోనైనా నేను నిజంగా మాట్లాడింది అలాంటి రోజుల్లోనే.

మళ్లీ వస్తామో రామో అన్న మీవారి మాట మా ఇంట్లోనూ ఉండేది. అది పోవడానికి ఒక చెట్టు కారణం. శీతకాలాలు మేం అరిజోనాలో క్వార్ట్జ్‌సైట్ దగ్గర లా పోసాలో గడుపుతాం. అది బీఎల్ఎం వారి దీర్ఘకాలిక విడిది, సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజను పర్మిట్ మీద ఉండవచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడు మా తలుపు ఎదురుగా ఒక పాలో వెర్డె ఉండేది. దాని బెరడే ఆకుపచ్చ. ఆకులు రాలిపోయినా ఆ కొమ్మలతోనే ఆహారం తయారు చేసుకుంటుంది. మొదటి వారం నాకది ముళ్లచెట్టు. మూడో వారంలో ఒక ఉదయం తల మీద కుచ్చున్న నల్లటి పిట్ట, ఫైనోపెప్లా, దాని కొమ్మకు పట్టిన బదనికె పండ్లు తింటూ కనిపించింది. మర్నాడూ అదే వేళకు వచ్చింది. అప్పటి నుంచి రోజూ ఆ వేళకు గడప మీద కూర్చునేదాన్ని. ఆ ఏప్రిల్‌లో మేం బయలుదేరే ముందు చెట్టంతా పసుపు పూలతో నిండిపోయింది. మావారు తనంతట తానే, "ఇంకో రెండు రోజులు ఆగి వెళ్దామా" అని అడిగారు. పర్మిట్ గడువు దాటుతుంది కనుక ఆగలేదు. ఆ అడిగిన మాట మాత్రం నాకు బాగా గుర్తుంది.

మీవారితో వాదించకండి. ఒక్క చోట, ఒక్కసారి, రెండు వారాలు ఉండి చూద్దామని అడగండి.

పొడుగు ట్రక్కు:

పై అక్కయ్య చెప్పిన దానికి నేను కలిపేది కొంచెమే, ఎక్కువగా కుక్క గురించి.

ట్రెయిలర్‌కు ఇచ్చే 30 ఆంపియర్ల కరెంటు కనెక్షన్ అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా కరెంటుతో నీళ్లు కాగే హీటరు, దాని మీద మైక్రోవేవ్ కూడా పనిచేస్తే బ్రేకరు పడిపోతుంది. మీరు గుహలో ఉండగా అది పడితే ఆ రేకు పెట్టె ఎంతసేపటిలో వేడెక్కుతుందో మీకు తెలుసు. బయటికి వెళ్లే ముందు హీటరును గ్యాసు మీదికి మార్చండి, లేదా ఆపేయండి. లోపలి వేడిని ఫోనుకు పంపే పరికరాన్ని సొంత సిమ్‌తో పనిచేసేది చూసి కొనండి; కరెంటు పోతే వైఫై కూడా పోతుంది. గుహ అడుగున ఫోను పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి. క్యాంప్‌గ్రౌండ్ వాళ్లకో పక్క ట్రెయిలర్ వాళ్లకో చెప్పి వెళ్లడం అన్నిటికంటే మేలు. మూడు రాత్రులకే కదిలిపోతుంటే పక్కవాళ్లతో అంత చనువు ఎక్కడిది? ఇందుకోసమైనా ఎక్కువ రోజులు ఉండాలి.

ఇంకొకటి, బండి కొలత చూసుకోకుండా విహారాలు పెట్టుకోకండి. మోంటానాలోని గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద, అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా, 21 అడుగుల పొడవు గానీ 8 అడుగుల వెడల్పు గానీ దాటిన బండిని రానివ్వరు. బంపర్లూ అద్దాలూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మా ట్రక్కు ట్రెయిలర్ విప్పేసినా 21 అడుగులు దాటుతుంది. అక్కడ రెండు వారాలు ఉన్నాం కనుక తొందరపడకుండా 1930ల నాటి ఎర్ర బస్సులో చోటు దొరికిన రోజున వెళ్లాం. పైకప్పు గుడ్డ చుట్టేస్తారు, తలెత్తితే కొండలే. నేను స్టీరింగ్ పట్టుకుని ఉంటే రోడ్డు అంచు తప్ప మరేదీ చూసేవాణ్ణి కాదు.

ఒకే కిటికీ:

దారిమలుపు గారూ, ఇద్దరూ కలిసే వెళ్లాలని ఎందుకు అనుకుంటున్నారు? మాకు ముసలి కుక్క ఉంది, దాన్ని ఒంటరిగా వదలం. అందుకని చాలా చోట్లకు వంతులవారీగా వెళతాం. జాతీయ పార్కుల్లో చాలా కాలిబాటల మీదికి కుక్కలను రానివ్వరు కాబట్టి మొదట్లో తప్పక చేశాం, ఇప్పుడు ఇష్టపడి చేస్తున్నాం. ఇరవై నాలుగు గంటలూ ఇరుకు గదిలో కలిసి ఉండే మనుషులకు ఒక పూట విడిగా గడపడం అవసరం. ఆయన చూసి వచ్చి నాకు చెబుతారు, నేను చూసి వచ్చి ఆయనకు చెబుతాను. రాత్రి మాట్లాడుకోవడానికి కబుర్లు ఉంటాయి.

దారిమలుపు:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పొడుగు ట్రక్కు గారూ, నీళ్ల హీటరు కరెంటు మీదే ఉంది, మీరు చెప్పిన వెంటనే మార్చాం. పక్క ట్రెయిలర్ పెద్దావిడతో పరిచయం చేసుకున్నాను, ఆవిడకూ రెండు కుక్కలు.

మీ జవాబులన్నీ మావారికి చదివి వినిపించాను. పాలో వెర్డె దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆపి, ఆ పేరా మళ్లీ చదవమన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే వెళ్లి ఈ చోటుకు ఇంకో పది రోజులకు డబ్బు కట్టి వచ్చారు. నిన్న బట్టలన్నీ ఉతికాం, ట్యాంకులు ఖాళీ చేశాం. ఈరోజు మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని లేచాను. ఆయనా కుక్కా ఇంట్లోనే ఉంటారు. నేనొక్కదాన్నే వెళుతున్నాను, ఫోను ట్రక్కులోనే వదిలేస్తాను. పొద్దు వాలుతోంది, ఉంటాను మరి.